లారీ కిరాయిలో యూరియా లెక్క

బేరం కుదిరి, లోడు బయలుదేరిన తర్వాత దారిలో లారీ శక్తి తగ్గి ఈడిగిలపడితే నష్టం లారీ యజమానికే కాదు, ఆనాటి ధరను నమ్ముకున్న వర్తకునికి కూడా. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చాక ఇందుకు ఇంజను చెడిపోనవసరం లేదు. పొగ గొట్టానికి బిగించిన సెన్సారు చాలు.

డీజిలు మండినప్పుడు వెలువడే నైట్రోజను ఆక్సైడ్లను అణచడానికి పెద్ద లారీలలో యూరియా ద్రావణాన్ని వేడి పొగలోకి చిమ్ముతారు. ఇందులో నూటికి 32.5 పాళ్లు యూరియా, తక్కినది లవణాలు తీసిన నీరు. వేడికి పుట్టిన అమ్మోనియా, ఉత్ప్రేరకం మీద ఆ ఆక్సైడ్లను నైట్రోజనుగా, నీటి ఆవిరిగా మార్చుతుంది.

ఈ పని జరిగిందీ లేనిదీ చెప్పేది సెన్సారు. దాని కొన జిర్కోనియా పింగాణీతో చేసినది. లోపలి హీటరు దానిని సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడుకు కాచుతుంది. మొదటి అరలో పొగలోని ఆక్సిజను తొలగిపోతుంది. రెండవ అరలో నైట్రోజను ఆక్సైడు విడిపోతుంది. అలా వచ్చిన ఆక్సిజనును బయటకు పంపడానికి పట్టే విద్యుత్తే కొలత. అది అతి స్వల్పం కనుక తీగ చివర ఉన్న కంట్రోల్ మాడ్యూలు దానిని అంకెగా మార్చి ఇంజను కంప్యూటరుకు అందిస్తుంది. సాధారణంగా ఉత్ప్రేరకానికి ముందొక సెన్సారు, వెనుకొకటి ఉంటాయి. రెండు అంకెలకూ పొంతన కుదరకపోతే హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పటికీ సరిచేయకపోతే కంప్యూటరే ఇంజను శక్తిని తగ్గిస్తుంది. సెన్సారును, మాడ్యూలును జతగానే అమ్ముతారు. ఒకటి చెడితే రెండూ మార్చవలసిందే.

చిక్కంతా చవక ద్రావణంతోనే. పొలానికి వేసే సబ్సిడీ యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. అందులో బయురెట్ నూటికి 1.5 వరకు ఉండవచ్చు. లారీ ద్రావణంలో 0.3 మించరాదు. బోరు నీటిలో ఆ యూరియా కలిపి పోస్తే చిమ్మే గొట్టం గడ్డకడుతుంది, ఉత్ప్రేరకం దెబ్బతింటుంది. అప్పుడు సెన్సారు మార్చినా దీపం ఆరదు. పైగా రైతు యూరియాను ఇలా మళ్లించడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం.

ఈ సరుకు ప్రాధాన్యం 2021లో తెలిసివచ్చింది. ఆ ఏడు అక్టోబరులో చైనా యూరియా ఎగుమతులను కట్టడి చేయగా, నవంబరుకల్లా దక్షిణ కొరియాలో ద్రావణానికి కటకట ఏర్పడి సరుకు రవాణాకే ముప్పు వచ్చింది.

కనుక ఐఎస్‌ఓ 22241 ప్రమాణం గల ద్రావణాన్ని బిల్లుతో కొనడమే లాభదాయకం. లీటరు మీద మిగిలిన రూపాయలు, లోడు ఒక్క రోజు ఆలస్యమైతే చాలు, తిరిగి చేతికి రావు.