గూడెం కొండల నెగటివ్‌లకు హోల్డర్ ఎంపిక: అపోహలు – వాస్తవాలు

పాత నెగటివ్‌లను ఇంట్లోనే డిజిటల్ ప్రతులుగా మార్చుకోదలచినవారు స్కానర్ గురించి, కెమెరా లెన్సు గురించి ఎంతో విచారించి, ఫిల్మును కదలకుండా పట్టి ఉంచే హోల్డర్‌ను మాత్రం యంత్రంతో పాటు వచ్చే చిల్లర సామానుగా చూస్తారు. నెలల తరబడి వానలు, అవి వెలిసాక మంచు పట్టి ఉండే గూడెం కొత్తవీధి వంటి మన్యపు మండలంలో ఫిల్ము ఏ స్థితిలో ఉన్నదో చూసి హోల్డర్‌ను ఎంచుకోవాలి తప్ప, యంత్రాన్ని చూసి కాదు.

అపోహ: ఏ హోల్డరైనా ఒక్కటే.

వాస్తవం: ఫిల్ములో పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఒకటి, దానిపై బొమ్మను మోసే జెలటిన్ పూత ఒకటి ఉంటాయి. జెలటిన్ తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. ప్లాస్టిక్ అదే మేరకు మారదు గనుక ఆరిన ఫిల్ము పూత ఉన్న వైపుకు వంపు తిరుగుతుంది. ఫిల్మును అసలు పరిమాణంలోనే పట్టే మాక్రో లెన్సుతో, ఎఫ్/8 వద్ద తీసినా స్పష్టంగా కనబడే లోతు ఒక మిల్లీమీటరుకు మించదు కాబట్టి, ఆపాటి వంపుకే మధ్యభాగం స్పష్టంగా ఉండి అంచులు మసకబారతాయి. ఫ్లాట్‌బెడ్ స్కానర్లలో చాలావాటికి ఫోకస్ ఒకే ఎత్తులో స్థిరపడి ఉంటుంది. అందువల్ల ఎత్తు సవరించుకోగల హోల్డర్ ఉంటే మేలు.

అపోహ: రెండు గాజు పలకల మధ్య నొక్కితే ఏ ఫిల్మైనా చదునవుతుంది.

వాస్తవం: చదునయ్యే మాట నిజమే గాని, ఫిల్ముకు నున్నని వైపు, అంటే పూత లేని వైపు, మామూలు గాజుకు ఆనుకున్నచోట వాటి నడుమ మిగిలే అతి సన్నని గాలిపొరలో కాంతి వ్యతికరణం చెంది, న్యూటన్ వలయాలనే రంగుల చుట్టలు బొమ్మలోకి దిగుతాయి. వీటిని నివారించడానికి సన్నగా గరుకు చేసిన ప్రత్యేక గాజు దొరుకుతుంది, దానిని నున్నని వైపునే ఉంచాలి. మన్యంలో ఇంతకంటే పెద్ద చిక్కు తేమ: వానాకాలంలో మెత్తబడిన జెలటిన్ గాజుకు అంటుకుంటే విడదీసేటప్పుడు బొమ్మే ఊడివచ్చే ప్రమాదం ఉంది. కనుక ఈ పనిని శ్రావణ భాద్రపదాల్లో పెట్టుకోక, వాతావరణం పొడిబారే మాఘ ఫాల్గుణాలకు వాయిదా వేయడం శ్రేయస్కరం. వంపు స్వల్పమైతే గాజు ఊసే లేకుండా, అంచులను మాత్రమే పట్టి లాగి ఉంచే హోల్డర్ చాలు. ఇదే తేమకు బూజు పట్టిన నెగటివ్‌ను హోల్డర్‌లో పెట్టే ముందు నీళ్ళతో కడగడం మరీ తప్పు. బూజు కొరికిన జెలటిన్ నీటిలో కరిగిపోతుంది.

అపోహ: హోల్డర్‌కు బొమ్మ పట్టేంత కిటికీ ఉంటే చాలు, అంచులతో పని లేదు.

వాస్తవం: ఈ అపోహ వల్ల కలిగే నష్టం అన్నిటికంటే పెద్దది. ఫిల్ము అంచున తయారీదారు పేరు, ఫ్రేము సంఖ్య ముద్రితమై ఉంటాయి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో ఉత్పత్తి ప్రారంభించి 'ఇందు' పేరుతో నలుపు-తెలుపు ఫిల్ము అమ్మింది. అంచున ఆ పేరు కనబడితే ఆ బొమ్మ అంతకు ముందుది కాదని నిశ్చయించవచ్చు. పెద్ద సంస్థల్లో ఉన్న బొమ్మల సంగతి వేరు: పాపికొండల కొండరెడ్లపై 1945లో గ్రంథం వెలువరించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెండార్ఫ్ ఛాయాచిత్రాలు లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ సంస్థలో భద్రంగా ఉండి, డిజిటల్ రూపంలోనూ అందుబాటులోకి వచ్చాయి. మన్యంలోని ఇంటి పెట్టెల్లో ఉన్న నెగటివ్‌లకు గ్రంథాలయ సూచిక ఏదీ ఉండదు గనుక, అంచున ఉన్న నాలుగు అక్షరాలే వాటికి సూచిక. అందుచేత హోల్డర్ కిటికీ ఫిల్ము అంచు దాకా తెరిచి ఉండాలి. ఫిల్ము దాటిన వెలుతురును మాత్రం నల్ల అట్టతో మూయాలి, లేకుంటే చెదిరిన కాంతి లెన్సులోకి చేరి బొమ్మ వెలిసినట్లవుతుంది.

అపోహ: పరారుణ కిరణాలతో దుమ్మును గుర్తించి చెరిపే శుద్ధి స్కానర్‌లో ఉంటే హోల్డర్‌పై దుమ్ము పట్టించుకోనక్కరలేదు.

వాస్తవం: సాధారణ రంగుల ఫిల్ముకు ఈ శుద్ధి పనిచేస్తుంది గాని నలుపు-తెలుపు ఫిల్ముకు పనికిరాదు. నలుపు-తెలుపు ఫిల్ములోని వెండి రేణువులు పరారుణ కిరణాలను కూడా అడ్డుకోవడం వల్ల యంత్రం బొమ్మనే మచ్చగా భ్రమిస్తుంది. అక్కడ మెత్తని కుంచె, గాలిబుడ్డి తప్ప వేరే మార్గం లేదు. గాజు హోల్డర్‌కు దుమ్ము పట్టే ముఖాలు అదనంగా నాలుగు ఉంటాయి గనుక, నలుపు-తెలుపు నెగటివ్‌లే ఎక్కువగా ఉన్న ఇంటికి గాజు లేని హోల్డర్‌నే ముందుగా ప్రయత్నించడం ఉచితం.