మీకు తెలుసా? సైలెన్సర్ బోల్టు ఊడేది తక్కువ బిగించినందుకు మాత్రమే కాదు

రాజవొమ్మంగి చుట్టుపక్కల జీడిమామిడి తోటల్లో పిక్క రాలే కాలం రాకముందే చెట్ల కింద తుప్ప కొట్టేస్తారు. నేల శుభ్రంగా ఉంటేనే రాలిన పిక్క కంటికి ఆనుతుంది. ఒకప్పుడు కత్తితో చేసిన ఈ పనిని ఇప్పుడు చాలామంది పెట్రోలుతో నడిచే గడ్డి కోసే మిషన్‌తో చేస్తున్నారు. మిషన్ గుయ్యిమంటూ సాఫీగా నడుస్తుండగా ఉన్నట్టుండి మోత మారిపోతుంది. చెవులు చిల్లులు పడేలా పటపటమంటుంది. ఆపి చూస్తే సైలెన్సర్ ఊగుతూ ఉంటుంది, దాని బోల్టు ఏ తుప్పలోనో పడిపోయి ఉంటుంది. మొన్ననే కదా గట్టిగా బిగించాం అనుకుంటాం.

సరిగ్గా ఇదే చిక్కు బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్లకూ ఉంది. వాళ్లది ఇంకా చిన్న ఇంజన్, ఇంకా ఎక్కువ వేగం. మన దేశంలో ఎన్‌సీసీ వైమానిక విభాగం కేడెట్లకు ఏరోమోడలింగ్ శిక్షణలో ఒక భాగం. అఖిల భారత వాయు సైనిక్ క్యాంపులో దానికి పోటీ కూడా పెడతారు. ఇంధనంతో నడిచే బొమ్మ విమానాన్ని చేతబట్టిన ప్రతి పిల్లవాడూ ముందుగా నేర్చుకోవాల్సింది ఈ సైలెన్సర్ సంగతే.

ఎంత చిన్న ఇంజనో చూడండి. ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న ఒక సైజు 6.5 సీసీ. అంటే టీస్పూనుకు కాస్త ఎక్కువ. కానీ అది నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది. రెండు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి ప్రతి చుట్టుకూ ఒకసారి పేలుతుంది. సెకనుకు 200 పేలుళ్లు. పది నిమిషాలు ఎగిరి దిగేసరికి సైలెన్సర్ లక్షా ఇరవై వేల దెబ్బలు తిని ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేవి చాలావాటిలో రెండే రెండు సన్నని బోల్టులు.

అయినా దెబ్బల లెక్క ఒక్కటే కారణం కాదు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ఒక సంగతి తేల్చాడు. బోల్టును వదులు చేసేది నిలువుగా తగిలే కుదుపు కన్నా అడ్డంగా తగిలే కుదుపు. బిగించిన రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి జారినా చాలు, మరల మధ్య రాపిడి ఆ క్షణానికి పట్టు తప్పుతుంది. మరల వాలు ఎటూ బోల్టును వెనక్కి తిప్పాలనే చూస్తుంది. ఇలా సెకనుకు వందలసార్లు జరిగితే బోల్టు తనంతట తానే విప్పుకుంటుంది, పానా పెట్టి తిప్పినట్టు. మనమంతా నమ్ముకునే స్ప్రింగ్ వాషర్ కూడా ఇలాంటి పరీక్షల్లో పెద్దగా నిలబడలేదు. ఇంకా బలంగా బిగిద్దామని పానాకు పైపు తగిలించి తిప్పితే అల్యూమినియంలోని మరలే తెగిపోతాయి. అప్పుడు మిగిలేది రిపేరు ఖర్చు.

వేడి కూడా దీనికి తోడవుతుంది. సైలెన్సర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. అదే వేడికి అల్యూమినియం దాదాపు రెండింతలు సాగుతుంది. 30 మిల్లీమీటర్ల మందాన్ని ఒక పొడవాటి బోల్టు పట్టి ఉంచిందనుకోండి. వేడి 150 డిగ్రీలు పెరిగితే రెండిటి మధ్య తేడా సుమారు 0.05 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే మామూలు కాగితం మందంలో సగం. ఇదేం లెక్క అనిపిస్తుంది. కానీ వేడెక్కినప్పుడు ఆ సాగుదల తెచ్చే ఒత్తిడి ఇంజన్‌కూ సైలెన్సర్‌కూ మధ్యలోని ప్యాకింగ్‌ను నలిపేస్తుంది. చల్లారాక అల్యూమినియం వెనక్కి తగ్గుతుంది, నలిగిన ప్యాకింగ్ మాత్రం తిరిగి ఉబ్బదు. అందుకే కొత్తగా బిగించిన సైలెన్సర్‌ను మొదటి ట్యాంకు ఇంధనం అయిపోయాక, ఇంజన్ చల్లారాక మళ్లీ ఒకసారి బిగించాలి. అనుభవజ్ఞులు కొందరు ప్యాకింగ్ తీసేసి, రెండు ముఖాలనూ నున్నగా అరగదీసి, వేడిని తట్టుకునే సిలికాన్ పల్చగా రాసి నేరుగా బిగిస్తారు. నా దృష్టిలో ఇదే మేలైన పద్ధతి. నలిగేది ఏదీ మధ్యలో లేకపోతే వదులయ్యే అవకాశం సగం అక్కడే పోతుంది.

మీకు తెలుసా, బొమ్మ విమానంలో సైలెన్సర్ పని చప్పుడు తగ్గించడం ఒక్కటే కాదు! దానికి ఒక చిన్న గొట్టం బిగించి, సన్నని పైపుతో ఇంధనం ట్యాంకుకు కలుపుతారు. సైలెన్సర్‌లో పుట్టే ఒత్తిడే ఇంధనాన్ని ఇంజన్ వైపు తోస్తుంది. బోల్టు వదులైతే ఆ ఒత్తిడి సందుల్లోంచి బయటకు పోతుంది. ఇంజన్‌కు ఇంధనం చాలదు, గాలి ఎక్కువవుతుంది, విపరీతంగా వేడెక్కి ఆకాశంలోనే ఆగిపోతుంది. నెలల తరబడి కట్టిన విమానం ఒక్క బోల్టు కోసం నేలకు గుద్దుకుంటుంది. అది చూసినవాళ్లకు ఆ బాధ చెప్పక్కర్లేదు.

ఆ ఇంధనంలో మనకు బాగా తెలిసిన నూనె ఒకటి ఉంది: ఆముదం. మిథనాల్, కొంత నైట్రోమీథేన్, వాటితోపాటు ఆముదమో కృత్రిమ నూనో కలుపుతారు. బాగా వేడెక్కినా ఆముదం లోహాన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు రోటరీ విమాన ఇంజన్లు దానిమీదే తిరిగాయి. కాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లిషు పేరులోంచి వచ్చిందే. ప్రపంచంలో ఆముదాలు అత్యధికంగా పండేది మన దేశంలోనే. అయితే ఈ నూనె సైలెన్సర్ అతుకులోకి, బోల్టు మరల్లోకి పాకుతుంది. జారుడు పెరిగితే పట్టు తగ్గుతుంది. అతుకు దగ్గర నల్లటి జిడ్డు చార కనిపించిందంటే అక్కడ సందు పడిందని గుర్తు. పనిలో పనిగా ఒక మాట: ఆముదం మిథనాల్‌లో కలుస్తుంది గానీ పెట్రోల్‌లో సరిగా కలవదు. కాబట్టి గడ్డి మిషన్‌లో పోసి చూడొద్దు. కంపెనీ చెప్పిన టూ-స్ట్రోక్ ఆయిలే పోయండి.

ఊడకుండా బోల్టుకు జిగురు పెట్టే ఆలోచన ఈనాటిది కాదు. 1903 నవంబరులో కిట్టీహాక్ ఇసుక దిబ్బల దగ్గర రైట్ సోదరులు తమ విమానం ఇంజన్‌ను నడిపి చూస్తున్నారు. ఇంజన్ కుదుపులకు ప్రొపెల్లర్ ఇరుసుల మీది పళ్లచక్రాలు మాటిమాటికీ వదులయ్యాయి. ఎంత బిగించినా నిలవలేదు. సైకిల్ షాపు నడిపినవాళ్లు కదా, సైకిల్ టైర్లు అతికించే గట్టి సిమెంటు గుర్తొచ్చింది. ఇరుసునూ చక్రాన్నీ వేడి చేసి, ఆ సిమెంటును మరల్లోకి కరిగించి బిగించారు. ఆ తర్వాత అవి కదల్లేదు. డిసెంబరు 17న విమానం లేచింది.

అచ్చంగా బోల్టుల కోసమే జిగురు రావడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1953లో అమెరికాలోని ట్రినిటీ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ తయారుచేసిన ఆ జిగురే లాక్‌టైట్. గాలి తగులుతున్నంతసేపు అది ద్రవంగానే ఉంటుంది. గాలి అందని మరల మధ్య, లోహాన్ని తాకుతూ ఉంటే గట్టిపడుతుంది. సీసాను నిండా నింపకుండా అమ్మేది ఇందుకే, లోపల గాలి ఉండాలి. కాకపోతే మామూలు నీలం రకం 150 డిగ్రీలు దాటితే పట్టు సడలిస్తుంది. సైలెన్సర్‌కు అంతకు మించిన వేడిని తట్టుకునే రకమే కావాలి. రాసేముందు బోల్టునూ రంధ్రాన్నీ స్పిరిట్‌తో జిడ్డు లేకుండా తుడవాలి. జిడ్డు మీద జిగురు సరిగా అంటదు.

అసలు విమానాల్లో అయితే తీగను నమ్ముతారు. బోల్టు తలలకు రంధ్రాలు చేసి, సన్నని ఉక్కు తీగను మెలిపెట్టి రెండేసి బోల్టులను కలిపి కడతారు. ఒకటి విప్పుకోబోతే రెండోది బిగిసేలా ఆ తీగ దారి ఉంటుంది. బొమ్మ విమానాలవాళ్లు కూడా ఈ పద్ధతినే తెచ్చుకున్నారు. ఏటవాలు గాట్లున్న జంట వాషర్లు ఇంకో దారి. బోల్టు వెనక్కి తిరగబోతే ఆ వాషర్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి దాన్ని మరింత బిగిస్తాయి.

మన్యం తోటల్లో ఈ బోల్టు ఊడటం ఒక మిషన్ సంగతితో తీరదు. పిక్క ఏరే వేసవిలో తోటలోనూ, పక్కనున్న అడవిలోనూ నేలంతా ఎండుటాకే. వదులైన సైలెన్సర్ సందులోంచి వచ్చే వేడి పొగ, నిప్పురవ్వ ఆ ఆకుమీద పడితే తోటలు కాలిపోతాయి. తోటలోకి వెళ్లేముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, సైలెన్సర్‌ను ఒకసారి చేత్తో పట్టి కదిపి చూడండి. కదిలితే బాగుచేసేదాకా మిషన్ స్టార్ట్ చేయకండి.