క్రొత్త పట్టణము వచ్చునప్పుడు రైతు అడుగవలసిన లెక్కలు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. ఒక్క యింటికే యింత ప్రయాస యుండగా, పదివేల యిండ్లను ఒక్కచోట కట్టదలచినవారి పని యెట్టిదో యూహింపవచ్చును. అట్టి పట్టణము ఆకాశమునుండి దిగదు. ఎవరో దున్నుచున్న పొలముమీదనే లేచును. కావున పట్టణనిర్మాణము ఇంజనీర్లకును ప్రభుత్వమువారికిని మాత్రమే చెందిన విషయము కాదు. అది మొట్టమొదట రైతునకు చెందిన విషయము.

నేల, నీరు, గాలి చెడకుండ తరతరములు నిలువగల పట్టణములను క్రొత్తగా కట్టవలెనను కోరిక నేడు దేశదేశములందును వినవచ్చుచున్నది. కోరిక మంచిదే. అయితే మంచి పేరుతో వచ్చిన ప్రతి పటమును మంచిదే యని తలయూపరాదు. చెడ్డదే యని తల తిప్పుకొనను రాదు. లెక్క చూడవలెను. ఇంగ్లండు దేశపు దృష్టాంతములు రెంటిని, మన కృష్ణాతీరపు దృష్టాంతము నొకదానిని తీసికొని, అట్టి లెక్క చూచుట యెట్లో మా సభ్యులకు విన్నవింపదలచితిమి.

తోటపట్టణపు తలంపు

ఎబెనీజరు హోవర్డను నాతడు లండనులో సంక్షిప్తలేఖకుడుగా జీవనము చేసినవాడు. ఆతడు 1898వ సంవత్సరమున ఒక చిన్న పుస్తకమును ప్రకటించి, పట్టణములోని సదుపాయములును పల్లెలోని ఆరోగ్యమును ఒక్కచోట నుండునట్లు తోటపట్టణములను కట్టవచ్చునని వాదించెను. ఆతని లెక్కలో పట్టణమున కంతకు 6,000 ఎకరములు. అందు 1,000 ఎకరములలో మాత్రమే యిండ్లు, వీథులు, కర్మాగారములు. తక్కిన 5,000 ఎకరములు సేద్యమునకు విడువవలెను. జనసంఖ్య 32,000, అందు 2,000 మంది సేద్యపు భూములలో నుండువారు. పట్టణపు చెత్తయు మురుగును ఆ పొలములకే యెరువుగా పోవలెను. పొలముల పంటకు పట్టణమే దగ్గరి సంత కావలెను.

ఇందులో రైతులు గమనింపదగిన ముఖ్యాంశము మఱొకటి కలదు. పొలము పట్టణమైనంతనే నేల వెల పదింతలగుట అందఱెఱిగినదే. ఆ పెరిగిన వెల ఎవరిది? నేల నంతటిని ఒక్క ధర్మకర్తృసంస్థ పేర నుంచి, అద్దెల రూపమున వచ్చు ఆదాయముతో ముందు అప్పు తీర్చి, మిగిలినదానిని ఊరి రోడ్లకును, బడులకును, వృద్ధుల పోషణకును వినియోగింపవలెనని హోవర్డు చెప్పెను. ఇది సహకారసూత్రమే గదా! సంఘములో లాభము సభ్యులదైనట్లు, పట్టణములో నేలలాభము పట్టణవాసులది కావలెనని యాతని యభిప్రాయము.

ఈ తలంపు కాగితముపై నిలిచిపోలేదు. 1903వ సంవత్సరమున ఒక కంపెనీ ఏర్పడి, హర్టుఫర్డుషైరు జిల్లాలోని లెచ్‌వర్తు వద్ద పదునైదుగురు భూస్వాములనుండి 3,818 ఎకరములను కొనెను. అప్పటికి ధాన్యపు ధరలు పడిపోయి అచ్చటి పొలముల వెల తగ్గియుండెను. వాటాదారుల డివిడెండు నూటికి అయిదుకు మించరాదని నియమము పెట్టుకొనిరి. అనేక సంవత్సరములు ఆ అయిదును సైతము ముట్టలేదు. అయినను ఊరు పెరిగెను.

కాని వాటాలు బజారులో కొనదగినవై యుండుటచే, 1960 ప్రాంతమున బయటి కంపెనీ యొకటి ఆ వాటాలను పోగుచేసికొని పెత్తనమును చేజిక్కించుకొనెను. పట్టణవాసులు ఆందోళన చేయగా, 1962వ సంవత్సరపు పార్లమెంటు చట్టముచే ఆ యాస్తి ప్రజాసంస్థ కప్పగింపబడినది. 1995 నుండి అది యొక ధర్మసంస్థ చేతిలో నున్నది. నేల ఆదాయము ఊరిపనులకే ఖర్చగుచున్నది. సదుద్దేశ మొక్కటియే చాలదు. ఆ యుద్దేశమును కాపాడు నిబంధన ఉపవిధులలో గట్టిగా నుండవలెను. సహకారసంఘములు నడుపువారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఎస్సెక్సు వ్యవహారము

ఇక నిటీవలి కథ. ఇంగ్లండున ఎస్సెక్సు ప్రాంతమునందలి బ్రెయింట్రీ, కోల్చెస్టరు, టెండ్రింగు అను మూడు స్థానిక కౌన్సిళ్లు కలిసి, తమ సరిహద్దులలో మూడు తోటపట్టణములను నిర్మింపవలెనని ఉమ్మడి ప్రణాళిక తయారుచేసినవి. మూడును పూర్తియైనచో 29,000 మొదలు 43,000 వఱకు ఇండ్లు కాగలవు. అందు మిక్కిలి పెద్దదియైన కోల్చెస్టరు బ్రెయింట్రీ సరిహద్దు పట్టణ మొక్కటియే 15,000 మొదలు 24,000 ఇండ్లది. ఇంత పని ఒక తరములో ముగియునది కాదు.

ఆ దేశపు పద్ధతి యెట్టిదనగా, కౌన్సిలువారు ముసాయిదాను ప్రకటింపవలెను. ప్రజలు గడువులోపల తమ అభ్యంతరములను వ్రాతమూలముగ నీయవచ్చును. తరువాత ఏ కౌన్సిలునకును చెందని పరీక్షాధికారి యొకడు నియమింపబడి, కాగితముల నన్నిటిని చదివి, బహిరంగ విచారణ జరుపును. మార్పు కోరుచు అభ్యంతరము వ్రాసియిచ్చినవానికి ఆ విచారణలో ఎదుట నిలిచి చెప్పుకొను హక్కు కలదు.

ఈ మూడు పట్టణముల ప్రణాళిక 2017 అక్టోబరులో పరీక్షకు సమర్పింపబడినది. చుట్టుపట్ల పల్లెలవారు సంఘములుగా నేర్పడి ముసాయిదాను పుటవెంబడి పుట పరిశీలించిరి. వారు కేవలము మా పొలములు, మా పల్లెల నెమ్మది పోవునని విలపించి యూరకొనలేదు. రోడ్లకు, బస్సుమార్గమునకు ఎంత ఖర్చగును? ఆ ధన మెక్కడిది? ఏటి కెన్ని యిండ్లు అమ్ముడుపోవును? వేఱు స్థలములను న్యాయముగ పోల్చి చూచితిరా? అని యడిగిరి.

2018 జూనులో పరీక్షాధికారి తన లేఖలో, వేగముగ నడువవలసిన బస్సుమార్గము సాధ్యమని నిరూపింపబడలేదనియు, ఖర్చు గిట్టుబాటు లెక్కలు చాలవనియు, ఇతర స్థలములతో పోల్చిన పద్ధతి నిష్పాక్షికముగ లేదనియు చెప్పెను. కౌన్సిళ్లు క్రొత్త లెక్కలు తెచ్చినవి. 2020 జనవరిలో మరల విచారణ జరిగెను. 2020 మే 15వ తేదీన ఆయన తుదిమాట తెలిపెను. మూడింటిలో రెండు పట్టణములు గిట్టుబాటు కావనియు, వానిని తొలగించినచో మూడవది, అనగా టెండ్రింగు కోల్చెస్టరు సరిహద్దున 7,000 మొదలు 9,000 ఇండ్లది, నిలువగలదనియు ఆ తీర్పు సారము. కౌన్సిళ్లు తలయొగ్గి, 2021వ సంవత్సరారంభమున ఆ మార్పుతోనే ప్రణాళిక నామోదించినవి.

ఈ కథను విని, చూచితిరా, పల్లెవారు గెలిచిరి, పట్టణము ఓడెను అని సంతోషించువారుందురు. మే మట్లు భావింపము. లెక్కకు నిలిచిన పట్టణము నిలిచెను, నిలువనివి పడిపోయెను. రోడ్లు లేక, బస్సులు లేక, బడులు లేక సగములో నాగిపోయిన ఊరు పొలమును చెఱచును. అందు ఇల్లు కొన్నవానిని చెఱచును. ఆ కీడు కాగితముమీదనే తప్పిపోవుట ఉభయులకు లాభము.

మన కృష్ణాతీరమున

తెలుగు రైతులకు ఈ విషయము క్రొత్త కాదు. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము విడిపోయిన పిదప, ఆంధ్రప్రదేశమునకు రాజధానిగా అమరావతిని నిర్మింపదలచి, అదే సంవత్సరము డిసెంబరులో రాజధాని ప్రాంతాభివృద్ధి చట్టమును చేసిరి. 2015 నుండి భూసమీకరణ పద్ధతిచే గుంటూరు జిల్లాలోని కృష్ణ యొడ్డు గ్రామములందు 33 వేల ఎకరములకు పైగా రైతులనుండి సేకరింపబడినది. నేలకు రొక్కము చెల్లింపక, అభివృద్ధిచేసిన స్థలమును తిరిగి యిచ్చుట ఈ పద్ధతి. మెట్టభూమి యెకరమునకు నివాసస్థలము 1,000 చదరపు గజములు, వ్యాపారస్థలము 250 గజములు. జరీబు భూమికి 1,000, 450 గజములు. ఎకరమున 4,840 చదరపు గజములు గదా. అనగా మెట్టరైతునకు సుమారు నాలుగవవంతు, జరీబు రైతునకు సుమారు మూడుపాళ్లు పదింట తిరిగి వచ్చునన్నమాట. ఇదిగాక మెట్టకు 30 వేలు, జరీబునకు 50 వేల రూపాయలతో మొదలై ఏటేట కొంత పెరుగుచు పదేండ్లు కౌలు, భూమిలేని కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పరుపబడినవి.

పెక్కురు సమ్మతించి యిచ్చిరి. పెనుమాక, ఉండవల్లి మొదలగు గ్రామములలో ఏడాదికి పలుపంటలు పండించుకొను రైతులు పలువురు సమ్మతింపలేదు. భూములిచ్చుట ముందు జరిగెను. వివరమైన ముసాయిదా ప్రణాళికపై అభ్యంతరములు కోరుట 2015 డిసెంబరులో, తరువాత జరిగెను. 2019 డిసెంబరులో ప్రభుత్వము మూడు రాజధానుల ప్రసక్తి తెచ్చుటతో పనులు నిలిచిపోయి, రైతులు ఉద్యమింపవలసివచ్చెను. ఒప్పందము ప్రకారము స్థలములను అభివృద్ధిచేసి రైతుల కీయవలెనని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పెను. గడువులు విధించిన భాగముపై అదే సంవత్సరము నవంబరులో సుప్రీముకోర్టు స్టే యిచ్చెను. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట పనులు తిరిగి సాగినవి. 2025 మే నెలలో పునఃప్రారంభోత్సవము జరిగెను. కౌలునకు మొదట నిర్ణయించిన గడువు పదేండ్లు; పనులు పునఃప్రారంభమగునప్పటికి గడచినవియు పదేండ్లే!

రాజకీయపక్షములలో నెవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తేల్చుట ఈ పత్రిక పని కాదు. మేము చెప్పదలచినది ఒక్కటియే. పట్టణము ముప్పదియేండ్ల పని, ప్రభుత్వము అయిదేండ్లది. కావున రైతు తన నేల నిచ్చునప్పుడు, మాట యిచ్చినవాడు మారినను మాట మారకుండుటకు కట్టుబాటు ఏమున్నదో మొదట చూచుకొనవలెను.

అడుగవలసిన ప్రశ్నలు

మీ పొలిమేరలో ఇట్టి ప్రతిపాదన వచ్చినచో, ఈ క్రింది యయిదు ప్రశ్నలకు సమాధానము వ్రాతమూలముగ కోరుడు.

మొదటిది: ఈ నేలనే యేల యెంచితిరి? సమీపమున మెరక, చవుడు, బీడు భూములుండగా మాగాణిని కోరుటకు కారణమేమి? 2013వ సంవత్సరపు భూసేకరణ చట్టము సైతము నీటివసతితో పలుపంటలు పండు భూములను చివరి దిక్కుగా మాత్రమే తీసికొనవలెనని చెప్పుచున్నది.

రెండవది: నీరు ఎక్కడనుండి వచ్చును, ఎక్కడకు పోవును? పొలము వాననీటిని త్రాగును, సిమెంటు త్రాగదు. ఆ నీరు దిగువ గ్రామముల చేలపై పడును. అమరావతిలో కొండవీటి వాగు వఱదనీటిని కృష్ణలోనికి ఎత్తిపోయుటకు ప్రత్యేకముగ పంపులు పెట్టవలసివచ్చెను. మురుగునీటిని శుద్ధిచేసి పొలములకు విడుతురా, లేక కాలువలో కలుపుదురా అనియు అడుగుడు.

మూడవది: నేల వెల పెరుగుదలలో ఎవరి కెంత? లెచ్‌వర్తు లెక్క యిక్కడ జ్ఞాపకము చేసికొనుడు.

నాల్గవది: ఏది ముందు, ఏది వెనుక? ఇండ్లకంటె ముందు రోడ్డు, త్రాగునీరు, బడి, ఆసుపత్రి వచ్చునా? వానికి ధనము చేతిలో నున్నదా, లేక స్థలములు అమ్ముడుపోయిన పిదప రావలసినదా?

అయిదవది: పట్టా లేనివారి గతి యేమి? కౌలుదారులు, కూలీలు, పశువుల కాపరులు, పాలు పోసి బ్రదుకువారు పటములో కనబడరు. ఊడ్పులు, కోతలు లేని ఊరిలో వారికి పని యేది? భూమి గలవాడు స్థలము పొందును. భూమి లేనివాడు పొందునది పింఛను మాత్రమేయైనచో, ఆ పింఛను ముగిసిన మరునాటి మాట యేమి?

సంఘముల కర్తవ్యము

ఒక్కొక్క రైతు వేఱువేఱుగ కచ్చేరికి పోయినచో, ఒక్కొక్కనికి ఒక్కొక్క మాట చెప్పి పంపుదురు. గ్రామమంతయు కలిసి పోయినచో ఒక్కమాటయే చెప్పవలసియుండును. కావున ముసాయిదా ప్రకటింపబడినంతనే సంఘము మహాజనసభను పిలిచి, పటమును గోడకు తగిలించి, సర్వేనంబరుల వారిగ భూములను, బావులను, పుంతలను, కాలువలను గుర్తింపవలెను. చదువు రానివారికి చదివి వినిపింపవలెను. స్త్రీలను, కౌలుదారులను, కూలీలను కూడ సభకు పిలువవలెను. అభ్యంతరములను గడువులోపల వ్రాసియిచ్చి, ముట్టినట్లు ముద్రతో రశీదు పుచ్చుకొనవలెను. నోటిమాట గాలికి పోవును. రశీదు గల కాగితము విచారణలో నిలుచును.

అభ్యంతరము వ్రాయుటయనగా వలదనుట మాత్రమే కాదు. ఇచ్చట వలదు, అచ్చట మేలు. ఇంత వలదు, ఇంత చాలును. ముందు కాలువ బాగుచేసి తరువాత రోడ్డు వేయుడు అని మార్గము చూపుటయు అభ్యంతరమే. అట్టి కాగితమునే అధికారి శ్రద్ధతో చదువును.

పట్టణములు రాకమానవు. మన బిడ్డలలో పెక్కురు రేపు వానిలో కాపురముండెదరు. అవి మంచినీరు గల ఊళ్లు కావలెనన్నను, చుట్టును పచ్చని పొలము మిగులవలెనన్నను, పటము గీయునాడే రైతు ప్రక్కన గూర్చుండవలెను. గోడలు లేచిన పిమ్మట పోయి అడుగుట వలన ప్రయోజనము లేదు. తమ పొలిమేరలో ఇట్టి ప్రతిపాదనలు గల సంఘములవారు వచ్చు మహాజనసభలో ఈ విషయమును చర్చాంశముగ చేర్చుకొందురని మేము కోరుచున్నాము.