ముల్లు తీసేశాక సలుపెక్కడిది?

కాల్లో తుమ్మముల్లు దిగింది. పిన్నీసుతో తీసేశాం. అయినా ఆ చోటు ఎర్రబడింది, వెచ్చబడింది, వాచింది, రాత్రంతా సలిపింది. ఎరుపు, వాపు, వేడి, నొప్పి: ఇన్‌ఫ్లమేషన్‌కు ఈ నాలుగు గుర్తులనూ 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. ఇవి ముల్లు తెచ్చినవి కావు. గాయం తగలగానే మన ఒళ్లే వదిలే రసాయనాల పని. వాటి గురించి మీకు తెలుసా?

• ఒకదాని పనితనం ఇప్పుడే మీ చేతి మీద చూడొచ్చు. ముంజేయి లోపలివైపు స్కేలు అంచుతో, చర్మం చిట్లకుండా, కాస్త గట్టిగా గీత గీయండి. ముందు గీత మేర ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చుట్టూ పాకుతుంది. కొందరికి నిమిషాల్లో గీత పొడవునా తీగలా ఉబ్బుతుంది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు అంతగా తెలియకపోయినా, ఉబ్బు వేలికి తగులుతుంది. బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ 1920ల్లో ఎంతో ఓపికగా వర్ణించిన సంగతి ఇది. చర్మంలోని మాస్ట్ కణాలు ముందే తయారుచేసి దాచుకున్న హిస్టమిన్‌ను వదులుతాయి. సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడల్లో సందులు పడి నీరు బయటికి ఊరుతుంది. దోమ కుట్టినచోట లేచే దద్దు కూడా ఇలాంటిదే.

• మెదడులో అదే హిస్టమిన్ మనల్ని మెలకువగా ఉంచుతుంది. దురదకు అవిల్ వేసుకుంటే కళ్లు మూతలు పడేది అందుకే. ఆ మందు మెదడులోకీ వెళ్తుంది. సెట్రిజిన్ అక్కడికి తక్కువగా చేరుతుంది, మత్తూ తక్కువే.

• దురదలన్నీ హిస్టమిన్ పని కాదు. దూలగొండి కాయ నూగులో ఉండే మ్యుకునైన్ అనే ఎంజైము నేరుగా నరాల కొసలను రేపుతుంది. ఆ దురదకు అలర్జీ మాత్ర పెద్దగా పనిచేయదు.

• సూర, కానాగంత లాంటి చేపలను ఐసు లేకుండా ఉంచితే బాక్టీరియా వాటి కండలోనే హిస్టమిన్ తయారుచేస్తుంది. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, అచ్చం అలర్జీలాగే ఉంటుంది. ఎంత ఉడికించినా ఆ హిస్టమిన్ పోదు.

• బ్రాడికైనిన్‌ను పట్టిచ్చింది పాము విషం. 1949లో బ్రెజిల్‌లో రోషా ఇ సిల్వా బృందం జరరాకా పాము విషాన్ని రక్తంలోని ప్లాస్మాతో కలిపింది. కొత్త పదార్థమొకటి పుట్టి, గినీ పంది పేగు ముక్కను మెల్లగా ముడుచుకునేలా చేసింది. గ్రీకులో ‘బ్రాడీ’ అంటే నెమ్మది. గాయం దగ్గర నొప్పి రేపేవాటిలో ఇది ముఖ్యమైనది. తర్వాత అదే విషంలో, బ్రాడికైనిన్ త్వరగా విరిగిపోకుండా అడ్డుకునే పదార్థాలు దొరికాయి. వాటిని పరిశీలించగా పుట్టిందే క్యాప్టోప్రిల్ అనే బీపీ మందు. ఆ కుటుంబంలోని ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారిలో కొందరిని వేధించే పొడిదగ్గుకు బ్రాడికైనిన్ పేరుకోవడమే కారణమని భావిస్తున్నారు. అలాంటి దగ్గుకు సిరప్‌లు తాగుతూ కూర్చోకుండా, వాడుతున్న బీపీ మాత్ర పేరు డాక్టరుకు చెప్పాలి.

• నొప్పి రేపే మరో రసాయనం ప్రోస్టాగ్లాండిన్. దాని పేరులోనే ఒక పొరపాటుంది. ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తోందనుకుని 1930ల్లో పెట్టిన పేరది. నిజానికి ఒంట్లో దాదాపు ప్రతిచోటా తయారవుతుంది. ఆస్పిరిన్ దీని తయారీనే ఆపుతుందని 1971లో చూపిన జాన్ వేన్ 1982లో నోబెల్ పంచుకున్నాడు. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడే ప్రమాదం అక్కడి నుంచే.

• మంటను రేపేవే కాదు, చల్లార్చేవీ ఉన్నాయి. అడినోసిన్ అలాంటిది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మెథోట్రెక్సేట్ తయారైంది. క్యాన్సర్ మందుగా మొదలైన దాన్ని ఇప్పుడు రుమటాయిడ్ కీళ్లవాతానికి చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారి ఇస్తారు. వాచిన కీళ్లలో అది అడినోసిన్‌ను పెంచుతుందని పరిశోధకుల అంచనా. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. తన మందుతో వేళ్లు మళ్లీ ముడుచుకోగలిగి అన్నం కలుపుకుంటున్నవాళ్లను ఆయన చూడలేదు.