మద్యం పుచ్చుకొన్న వేళ చెవి

పెళ్ళి ఊరేగింపులో రెండు గుక్కలు పడిన మనిషి గొంతు పెంచి మాట్లాడడం అందరూ చూచినదే. అది కేవలం హుషారు వల్లనే కాకపోవచ్చు. అతని చెవి కొంత మందగించి ఉంటుంది.

2007లో బ్రిటన్ వైద్యులు ముప్పైమంది ఆరోగ్యవంతులకు మద్యం ఇచ్చి, అంతకు ముందూ తరువాతా వారి వినికిడిని పరీక్షించారు. తాగిన తరువాత మంద్రధ్వనులు వినే శక్తి ముఖ్యంగా తగ్గింది. మాటను పోల్చుకోవడానికి మిక్కిలి అవసరమైన 1000 హెర్ట్జ్ దగ్గర లోటు ఎక్కువగా కనిపించింది. నిశ్శబ్దమైన గదిలో ఈ లోటు అంతగా తెలియదు. వాహనాల రొదలో, వెనుక నుండి ఎవరైనా హెచ్చరించినపుడు తెలుస్తుంది.

మత్తు దిగితే ఆ మందం పోతుంది. అసలు ప్రమాదం మరొకటి. చెవి లోపల స్టెపీడియస్ అనే అతి చిన్న కండరం ఉన్నది. పెద్ద శబ్దం రాగానే అది బిగుసుకొని, లోపలికి చేరే ధ్వని తీవ్రతను కొంత తగ్గిస్తుంది. మద్యం ఈ కాపలాను బద్ధకింపజేస్తుంది. మత్తులో డీజే పెట్టెల ముందు గంటల తరబడి చిందులు వేసినవానికి బాధ తోచకపోవచ్చు. 100 డెసిబెళ్ళ శబ్దంలో పావుగంట మించితేనే చెవికి చేటు. దెబ్బతిన్న రోమకణాలు మనిషికి మళ్ళీ మొలవవు.

ఒంటి నిలకడను కాచేదీ లోపలి చెవే. మద్యం నీటికన్న తేలిక. రక్తం నుండి అది ముందు అక్కడి జిగురుపొరలోకి, తరువాతనే చుట్టూ ఉన్న ద్రవంలోకి చేరుతుంది. ఆ నడుమ కాలంలో పొర తేలికపడి, పడుకొన్నా మంచం తిరుగుతున్నట్లు ఉంటుంది. దిగేటపుడు వరుస అదే: పొరలోని మద్యం ముందు ఖాళీ అవుతుంది, తూకం తలక్రిందులై మళ్ళీ తల తిరుగుతుంది. రక్తంలో మద్యం దాదాపు లేని మరునాటి ఉదయం కూడ ఇది జరుగవచ్చు. వాహనం నడిపేవారికి చట్టం 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. పరంజా ఎక్కే మేస్త్రీకి అటువంటి కొలత ఎవరూ పెట్టలేదు. తల తిరుగుతున్నంతసేపూ ఆ పూట నేల మీది పని అడిగి తీసుకోవడమే మేలు.

తెల్లవారినా ఒక చెవి వినబడకపోతే దానిని రాత్రి మత్తు కింద జమకట్టరాదు. అది హఠాత్తుగా వచ్చే వేరే చెవిజబ్బు కావచ్చు. మొదటి కొద్దిరోజులలో చికిత్స అందితేనే వినికిడి తిరిగి వచ్చే ఆశ ఎక్కువ. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్ళాలి. తాగుడు మానుకోవడానికి సాయం కావలసినవారు టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.