దేశాంతరము పోయిన నల్లతుమ్మ

నల్లతుమ్మ నెఱుగని తెలుగుపల్లె లేదు. చెఱువుగట్లమీదను, బీళ్ళలోను అది తనంతట తానే మొలచి పెరుగును. దాని చేవ నాగళ్ళకును బండిచక్రములకును పనికివచ్చును. బెరడుతో తోళ్ళను పదును చేయుదురు. కాయలు మేకలు తినును. పుల్లలతో జనులు పండ్లు తోముకొందురు. కంప కంచె యగును. మిగిలినది పొయ్యిలోనికి పోవును. ఇన్నివిధముల కోతకు గుఱియగుచుండుటచేత ఆ చెట్టు హద్దు మీరి ఊరిమీద పడుట అరుదు. ఇంత అక్కఱకు వచ్చు చెట్టే సముద్రము దాటి ఆస్ట్రేలియాఖండమునకు పోయి, అచ్చట గొప్ప ఉపద్రవమై కూర్చున్నది.

ఆ ఖండమున ఈశాన్యదిక్కున క్వీన్స్‌లాండ్ అను రాష్ట్రము కలదు. తీరమును విడిచి పడమటికి పోవుకొలది వానలు సన్నగిల్లును. వింటన్, హ్యూఎండెన్, లాంగ్‌రీచ్ అను చిన్న పట్టణముల చుట్టును వృక్షములు అరుదైన మైదానములు కనుచూపు మేర వ్యాపించియుండును. ఏడాదికి పడు వాన 400 మిల్లీమీటర్లకు అటునిటు. అదియు నమ్మదగినది కాదు. నల్లరేగడిని పోలిన ఆ నేలలో మిచెల్‌గడ్డి అను దేశవాళీ గడ్డి పెరుగును. కఱవున ఎండియు, చినుకు పడగానే మొదళ్ళనుండి మరల చిగుర్చు ఆ గడ్డియే అచ్చటి గొఱ్ఱెలకును, పశువులకును, వానిని నమ్ముకొన్నవారికిని ఆధారము. మనుష్యులు మాత్రము మిక్కిలి తక్కువ. వింటన్ పాలనావిభాగపు విస్తీర్ణము సుమారు 54 వేల చదరపు కిలోమీటర్లు. 2021 జనాభాలెక్కలలో అందలి జనులు 1,100 పైచిలుకు మాత్రమే. జిల్లాల విభజనకు పూర్వపు అనంతపురము జిల్లా 19 వేల చదరపు కిలోమీటర్లే యైనను, 2011లో అందు 40 లక్షలకు మించిన జనులుండిరి. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని అచ్చటివారి చిక్కు తెలియదు.

నల్లతుమ్మ 1890 తరువాతి కాలమున క్వీన్స్‌లాండు చేరినది. మండుటెండలో గొఱ్ఱెలకు నీడయు, గడ్డి లేని దినములలో మేతయు లభించునని 1926లో ప్రభుత్వ వ్యవసాయశాఖయే దానిని నాటుడని సలహా యిచ్చినది. 1957లో ఆ ప్రభుత్వమే దానిని హానికరమైన కలుపుగా ప్రకటింపవలసివచ్చినది. దీనిని చూచి తెలుగువారు నవ్వుటకు వీలులేదు. అమెరికాఖండమునుండి తెచ్చి వంటచెఱకు కొఱకు నాటిన సర్కారుతుమ్మ నేడు తెలుగునాట ఎన్ని చెఱువులను, ఎన్ని బంజరులను మ్రింగినదో రైతులకు తెలియును.

అంత పొడినేలలో ఒక చెట్టు ఇంతగా వ్యాపించుటకు నీరు మొదటి కారణము. ఆ ప్రాంతమున భూగర్భమున గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అను జలనిధి కలదు. బోరు వేసినచోట్ల పెక్కింట నీరు తనంతట పైకుబుకును. ఆ నీటిని పశువులకై కిలోమీటర్ల పొడవున మట్టికాలువలలో పాఱించెడివారు. కాలువ వెంట తుమ్మ వరుసగా బారులు తీరినది. రెండవ కారణము పశువులు. గొఱ్ఱెయు మేకయు కాయను బాగుగ నమలుటచేత గింజలు చాలవఱకు నశించును. ఆవులును ఎద్దులును మ్రింగిన గింజలలో పెక్కు చెడక పేడతోడ బయటపడును; మొలకకు ఎరువుకూడ సిద్ధమైయుండును. 1970 తరువాత ఉన్ని ధర పడిపోగా అనేకులు గొఱ్ఱెలను మాని పశువులను పెంచసాగిరి. ఆ దశకముననే అసాధారణముగ వానలును కురిసినవి. గింజయు, పేడయు, తడియు నొక్కమాఱు కలిసినవి. నేడు అరువది లక్షల హెక్టారులకు పైబడిన నేలలో ఈ చెట్టు ఎక్కువ తక్కువగా వ్యాపించియున్నది. దట్టముగ పెరిగినచోట క్రింద గడ్డి నిలువదు. నీటిగుంటలకు పశువులు పోలేవు. మందను తోలుకొనివచ్చుటకు ముండ్లు అడ్డు.

వేలకొలది హెక్టారులు గల పశుక్షేత్రమున నలుగురైదుగురే యున్నప్పుడు, ప్రతి చెట్టును నఱుకుదమనుట వెఱ్ఱి. ఉత్సాహముతో దట్టమైన తోపుమీదనే మొదట పడినవారు ధనమును, కాలమును వ్యర్థము చేసికొందురు. కావున పని తలక్రిందుగ సాగును. చెట్టు లేని నేలను ముందు కాపాడుకొందురు. పిదప అక్కడొకటి ఇక్కడొకటిగా నున్న చెట్లను తీసి, అంచులనుండి లోనికి జరుగుదురు. వరదనీరు గింజలను దిగువకు కొనిపోవును గనుక ఏటి యెగువభాగమున పని యారంభింతురు. దట్టమైన తోపును ఆవలకు ప్రాకకుండ కట్టడిచేసి, కడపటికి విడుతురు.

గింజల రాకపోకలను ఆపుట అన్నిటికంటె చౌకయైన ఉపాయము. కాయలు మేసిన పశువులను శుభ్రమైన పొలమునకు తోలుటకు ముందు ఆఱేడు దినములు దొడ్డిలో నిలుపుదురు. కడుపులోని గింజలు ఆ దొడ్డిలోనే పడును. అచ్చట మొలచినవానిని కనిపెట్టి తీయుట సులభము. మట్టికాలువలను పూడ్చి, బోరులకు మూతలు బిగించి, గొట్టములద్వారా తొట్లకు నీరందించు పనికి 1999 తరువాత ప్రభుత్వములు విశేషముగ ధనసాయము చేసినవి. నీరు మిగులుటయేగాక చెట్టు కాళ్ళక్రింది తడియు పోయినది. ఉన్న చెట్లను యంత్రములతో వేళ్ళక్రిందికి కోయుదురు. లేదా డీజిలులో కలిపిన మందును మొదటిచుట్టు పూయుదురు. మందు గుళికలను ఇటీవల డ్రోనులతోకూడ చల్లుచున్నారు.

పురుగుల సాయమును కోరినవారును కలరు. చెట్టు పుట్టినింట దానిని తిను పురుగులుండును గదా యని శాస్త్రజ్ఞులు పాకిస్తానము, కెన్యా, భారతదేశములలో వెదకిరి. పాకిస్తానమునుండి తెచ్చిన గింజపురుగును 1980 తరువాత విడిచిరి. అది స్థిరపడినది గాని, గింజలు నేల రాలకముందే పశువులు కాయలను మేయుటచేత దాని పని కొంచెమే. తమిళనాటినుండి కొనిపోయిన తుమ్మ పొలుసుపురుగును బ్రిస్బేన్ నగరమున మూసిన గదులలో పరీక్షించిరి. ఆస్ట్రేలియాలో దేశవాళీ తుమ్మజాతులు వేయింటికి దగ్గఱగ కలవు. ఆ దేశపు జాతీయపుష్పముకూడ ఒక తుమ్మపువ్వే. ఆ పురుగు అట్టి జాతులలో కొన్నింటిమీదకూడ బ్రదుకగలుగుటచేత దానిని బయటికి విడువలేదు. 1926నాటి తొందరపాటు మరల జరుగలేదు.

నేలలో పడిన గింజ ఏడేండ్లు, ఒక్కొక్కచోట అంతకు మించియు, జీవించియుండును. నీరందుచోట మొలచిన మొక్క రెండు మూడేండ్లకే కాయును. కావున చెట్లు పోయిన పొలమునుగూడ విడిచిపెట్టరు. వాన కురిసిన కొన్ని వారములకు ఎవరో ఒకరు మోటారుబండిమీద, మందుడబ్బా వెనుక కట్టుకొని, పాత కాలువజాడ వెంట మెల్లగ పోవుచు గడ్డిమధ్య మొలకలను వెదకుచుందురు. దొరకినదానిని అక్కడనే తీసివేసి, ఆ చోటికి గుఱుతు పెట్టుకొని, మఱుసటియేడు వానకు మరల వత్తురు.