కిటికీలోనుండి చూచిన రాజు

మన ధ్యానభాగం ఆదికాండము 26వ అధ్యాయము 8వ వచనము.

అది కరవు కాలం. ఇస్సాకు గెరారులో పరదేశిగా ఉన్నాడు. ప్రాణభయంతో తన భార్యయైన రిబ్కాను సహోదరి అని చెప్పాడు. అది తప్పే, వాక్యం ఆ తప్పును దాచలేదు. అయితే ఒక దినాన రాజైన అబీమెలెకు కిటికీలోనుండి చూచినప్పుడు ఇస్సాకు రిబ్కాతో సరసమాడుచు కనబడ్డాడు. వీరు భార్యాభర్తలని రాజు వెంటనే గ్రహించాడు. హెబ్రీ భాషలో అక్కడ వాడిన మాటకు, ఇస్సాకు అనే పేరుకు మూలం ఒక్కటే. ఆ మూలానికి అర్థం నవ్వుట. వారి వివాహానికి వారి నవ్వే సాక్ష్యమిచ్చింది.

ప్రియులారా, ఈ రాత్రి ఎవరైనా మీ కిటికీలోనుండి చూస్తే ఏమి కనబడుతుంది? ఒకరు టీవీ ముందు, ఒకరు సెల్‌ఫోనుతో, మధ్యలో కరెంటు బిల్లు గురించి రెండు మాటలు. చూచినవారు మిమ్మును దంపతులనుకుంటారా, ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరనుకుంటారా?

నేను ఎవరినో తప్పుపట్టడం లేదు. కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి గృహ కూటం ముగించుకొని ఇంటికి చేరేసరికి పది దాటింది. నా భార్య అన్నం వడ్డిస్తూ, “ఏమండీ, అందరి ఇళ్లకూ వెళ్లి దంపతుల కోసం ప్రార్థన చేస్తారు గదా, మన ఇంటికెప్పుడు వస్తారు?” అని అడిగింది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

“పాస్టరుగారూ, దేవుని బిడ్డలకు ఈ కాలక్షేపాలెందుకు?” అని కొందరు అడుగుతారు. ద్వితీయోపదేశకాండము 24:5 చూడండి. క్రొత్తగా పెండ్లయిన పురుషుణ్ణి ఒక సంవత్సరం యుద్ధానికి పంపకూడదని, అతడు ఇంట ఉండి భార్యను సంతోషపెట్టాలని దేవుడే ధర్మశాస్త్రంలో వ్రాయించాడు. భార్యతో కలిసి జీవితాన్ని అనుభవించమని ప్రసంగి 9:9 కూడా బోధిస్తుంది.

“డబ్బులేవండీ?” అంటారా? ఇస్సాకు రిబ్కాలు నవ్వుకొన్నది కరవులోనే. పెద్దగా ఖర్చు లేనివి నాలుగు చెబుతాను.

మొదటిది, నడక. భోజనమైన తరువాత ఇద్దరూ వీధి చివరిదాకా వెళ్లి రండి. ఫోను ఇంట్లో పెట్టండి. ఎమ్మాయు త్రోవలో ఇద్దరు శిష్యులు దిగులుతో మాట్లాడుకుంటూ నడుస్తుండగా ప్రభువే వారితో కలిశాడు.

రెండవది, కుండీలో ఆకుకూర. పోపుల డబ్బాలోని గుప్పెడు మెంతులు రాత్రి నానబెట్టి, పగిలిన బకెట్టులో మట్టి నింపి చల్లండి. సుమారు మూడు వారాలలో కూర చేతికి వస్తుంది. తోటకూర విత్తనాలు చాలా సన్నవి గనుక ఇసుకలో కలిపి చల్లాలి, నెల లోపల కోసుకోవచ్చు. ఆదాము హవ్వలను దేవుడు ఉంచినది తోటలోనే గదా!

మూడవది, ఆట. వామనగుంటలు మీ అమ్మమ్మగారు ఆడే ఉంటారు. పీట లేకపోతే నేలమీద సుద్దముక్కతో ఏడేసి గుంటలు రెండు వరుసలుగా గీయండి. గుంటకు ఐదు చొప్పున 70 చింతపిక్కలు చాలు. పందెం మాత్రం వద్దు. ఓడినవారిని ఎగతాళి చేసి నొప్పించవద్దు.

నాల్గవది, కలిసి పాడుట, చదువుట. పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దంలో వ్రాసిన కీర్తనలు మన పాటల పుస్తకంలోనే ఉన్నాయి. రాగం తప్పినా ఫరవాలేదు. బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. రాత్రికి ఒక్కటి చొప్పున ఒకరు చదువుతూ ఒకరు వింటే మూడేళ్ల మూడు నెలలలో పూర్తవుతుంది. అంతా ఒకేసారి మొదలుపెట్టకుండా ఒక్కదానితో ఆరంభించండి.

సహోదరులారా, మీకొక మాట. భార్య వంటింట్లో గిన్నెలు తోముతుండగా మీరు ఖాళీగా కూర్చుంటే, అది మీకు తీరికే గాని ఆమెకు కాదు. ముందు గిన్నెలు ఇద్దరూ కడగండి. అకుల ప్రిస్కిల్లలు ఇద్దరూ డేరాలు కుట్టేవారు, ఇద్దరూ కలిసి అపొల్లోకు దేవుని మార్గాన్ని వివరించారు (అపొ. కార్యములు 18:3, 26). కలిసి పనిచేసిన చేతులు దేవుని పనిలోనూ కలిశాయి.

మాటలు నిలిచిపోయిన ఇల్లు ఒక్క రాత్రిలో మారకపోవచ్చు. లోతైన గాయమున్నచోట పెద్దల సలహా, ప్రార్థన అవసరం. అయినా ఈ సాయంత్రం “కాసేపు నడిచొద్దామా?” అని అడగడానికి ఖర్చేమీ లేదు. ఆ రాత్రి తరువాత సోమవారం సాయంత్రాలు నేను ఏ కూటమూ ఒప్పుకోవడం లేదు. మా డాబా మీద ఇప్పుడు నాలుగు కుండీలున్నాయి.

కానా వివాహానికి వచ్చి వారి సంతోషాన్ని నిలిపిన ప్రభువు మీ గృహాలలో నవ్వును తిరిగి దయచేయును గాక. ఆమేన్.